చెరువు దగ్గర ప్లాటు: కొలత ఎక్కడి నుంచి?

ప్రశ్న: హన్మకొండ శివారులో పెద్ద చెరువు దగ్గర ప్లాటు చూశాం. నీళ్లు చాలా దూరంలో ఉన్నాయి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణ) కట్టాను, ఇక భయం లేదంటున్నాడు అమ్మే ఆయన. తీసుకోవచ్చా? (ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: నీళ్లు ఇవాళ ఎక్కడున్నాయన్నది లెక్కలోకి రాదు. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకే వేళకు నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో అదీ ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం. అందులో ఇల్లు కట్టనివ్వరు. ఆ గీత దాటాక కూడా బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగా, వదలాలి. చెరువు 10 హెక్టార్లు, అంటే సుమారు 24 ఎకరాల 28 గుంటలు, ఆపైన ఉంటే 30 మీటర్లు. అంతకన్నా చిన్న కుంటైతే 9 మీటర్లు. భవన నిర్మాణాలపై 2012లో వచ్చిన జీవో 168లోని మాట ఇది. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ హైదరాబాద్‌ ఔటర్ రింగ్ రోడ్డు దాకానే కదా అని కొందరు ధీమాగా ఉంటారు. జీవోకు ఆ హద్దు లేదు, వరంగల్‌లోనూ నడుస్తుంది.

ఎల్‌ఆర్‌ఎస్ అంటే ఏం కట్టారో అడగండి. 2020 నాటి వెయ్యి రూపాయల దరఖాస్తు రసీదు చేతిలో పెట్టి, క్రమబద్ధీకరణ అయిపోయిందని చెప్పేవాళ్లున్నారు. అది అప్లికేషన్ ఫీజు మాత్రమే. క్రమబద్ధీకరించామని ఇచ్చే ప్రొసీడింగ్స్ కాగితం చూడందే బయానా ఇవ్వకండి.

తర్వాత ప్లాటు సర్వే నంబరును గ్రామ నక్షాలో గుర్తించి, పాత పహాణీల్లో అది ‘శిఖం’గా, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిగా, ఉందేమో చూడండి. ఇరిగేషన్ ఆఫీసులో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ నంబరుకు ఏ జోన్ రాశారో కూడా చూసుకోవాలి.

అక్కడ పాతిన హద్దురాళ్లను మాత్రం నమ్మకండి, రాత్రికి రాత్రి జరుగుతాయి. మత్తడి దగ్గరికి వెళ్లి దాని పైఅంచు పగలగొట్టి ఉందేమో కూడా చూడండి. 200 మీటర్లకు ఒక మీటరు వాలున్న శిఖంలో మత్తడిని 30 సెంటీమీటర్లు తగ్గిస్తే చాలు, నీళ్లు 60 మీటర్లు వెనక్కి పోతాయి. ఆ జాగా ప్లాట్లవుతుంది. మత్తడిని మళ్లీ కట్టిన ఏడాది నీళ్లు వాకిట్లోకి వస్తాయి.

ప్రశ్న: మాకు తాతల నాటి పట్టా శిఖం ఉంది. పాసుబుక్కూ ఉంది. మొరం పోసి కోళ్ల షెడ్డు వేసుకోవచ్చా? (ఒక రైతు, పర్వతగిరి)

జవాబు: కుదరదు. పట్టా మీదే, కాదనేవారు లేరు. నీళ్లు దిగాక సాగు చేసుకోండి. మొరం ఎంత పోస్తే చెరువులో అంత నీళ్లకు చోటు పోయినట్టే, ఆ నీళ్లు పక్క రైతు పొలం మీదికి పోతాయి. నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) తెచ్చుకున్నా శిఖం శిఖమే.

ప్రశ్న: మాది 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న ప్లాటు. వెనక చిన్న కాలువ ఉంది. ఎంత వదలాలి? (ఒక పాఠకురాలు, హసన్‌పర్తి)

జవాబు: కాలువ 10 మీటర్ల లోపు వెడల్పైతే 2 మీటర్లు, దాటితే 9 మీటర్లు. మీది మొదటి రకమైతే వెనక ఆరున్నర అడుగులు పోతుంది. దాన్ని సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదిలే ఖాళీలో) కలిపి చూపొద్దు, సెట్‌బ్యాక్ వేరే వదలాలి. ఇక్కడ ఎక్కువమంది పొరపడేది కొలతలోనే. ఇప్పుడు కనిపించే మురుగు కాలువను కాదు, నక్షాలో ఉన్న వెడల్పును పట్టుకోవాలి. మనవి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి నీళ్లు ఇలాంటి కాలువ గుండానే కింది చెరువుకు చేరతాయి. 20 అడుగుల కాలువను రెండు వైపులా మింగి ఆరడుగులు చేస్తే మిగతా నీళ్లు కాలనీలోకే పోతాయి. 2020 ఆగస్టులో, 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునగడానికి ఇదీ ఒక కారణం. ముందు మండల సర్వేయర్‌తో కొలిపించి, పంచనామా కాపీ తీసుకోండి. ఆ తర్వాతే ఇంజినీరుతో ప్లాన్ గీయించండి.