కలగాపులగానికి ఇంగ్లీషులో ఎన్ని పేర్లో!

రకరకాల వస్తువులో విషయాలో ఒకచోట చేరితే, ఇంగ్లీషులో ‘మిసలేనియస్’ తప్ప వేరే మాట లేదా అని మీరు అడిగారు. మాటలకేమీ కొదవ లేదు. పర్యాయపద నిఘంటువు తెరిస్తే పుట నిండా కనిపిస్తాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పక్కపక్కన అచ్చయినంత మాత్రాన ఒకదాని బదులు ఇంకొకటి వాడేయడానికి వీల్లేదు. ఇంగ్లీషు రాతప్రతులు సరిదిద్దడం నా వృత్తి కాబట్టి ఈ తడబాటు తరచుగా నా బల్ల మీదికి వస్తుంటుంది.

ఒక రచయిత తన వ్యాససంపుటి ముందుమాటలో ఎంతో వినయంగా, తన పుస్తకాన్ని ‘హాచ్‌పాచ్’ అని పరిచయం చేసుకున్నారు. వేర్వేరు అంశాల మీద రాసిన వ్యాసాలని ఆయన భావం. చదివేవారికి మాత్రం పొందిక లేకుండా కుక్కేసిన సరుకు అని తోస్తుంది. ఆ మాట కొట్టేసి ‘మిసలేనీ’ అని పెట్టాను. వ్యాసాలు, కవితలు, లేఖల వంటివి ఏరి కూర్చిన సంపుటాలకు ఇంగ్లీషులో చాలాకాలంగా ఉన్న పేరు అది. “రెండింటికీ అర్థం ఒకటే కదండీ” అని ఆయన వెంటనే ఫోను చేశారు. అర్థం దగ్గరదే, మర్యాద వేరు. మనమైనా ఒక పుస్తకాన్ని కదంబం అంటే మెచ్చుకున్నట్టు, కలగాపులగం అంటే ఈసడించినట్టు కదా! ఇలా చెప్పాక ఆయన నవ్వి ఊరుకున్నారు.

అందుకే మాట ఎంచుకునే ముందు నేను మొదట చూసేది ఇది: వీటిని ఎవరైనా ఏరి కూర్చారా, లేక వాటంతట అవే పోగుపడ్డాయా? ఏరి కూర్చినవైతే ‘అసార్ట్‌మెంట్’ బాగుంటుంది. ఆ మాటలోనే ‘సార్ట్’ ఉంది. రకానికి కొన్ని చొప్పున సర్ది పెట్టిన బిస్కెట్ల డబ్బా మీద ‘అసార్టెడ్’ అని ఉండటం అందుకే. ‘మెడ్లీ’కి ఇంకొంచెం క్రమశిక్షణ ఎక్కువ. ఈత పోటీల్లో వ్యక్తిగత మెడ్లీ అంటే బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ ఆ వరుసలోనే ఈదాలి. పాటల మెడ్లీ కూడా ఒకదాని వెంట ఒకటిగా అల్లుకున్నదే. విచిత్రం ఏమిటంటే, కొట్లాట అనే అర్థమున్న ‘మెలే’, ఈ ‘మెడ్లీ’ ఒకే మూలం నుంచి పుట్టిన తోబుట్టువులు.

వాటంతట అవే పోగుపడినవైతే ‘జంబుల్’, ‘క్లటర్’, ‘హాచ్‌పాచ్’ వరుసకు వస్తాయి. ఈ చివరిదాన్ని అమెరికన్లు ‘హాడ్జ్‌పాడ్జ్’ అంటారు. దీని మూలరూపం ‘హాచ్‌పాట్’కు న్యాయశాస్త్రంలో మాత్రం గౌరవస్థానమే ఉంది. వారసులకు సమంగా పంచడం కోసం ఆస్తులన్నిటినీ ఒకే రాశిగా లెక్కకట్టడాన్ని అలా అంటారు. అక్కడ ఈసడింపు ఏ కోశానా లేదు.

ఈ మాటల్లో చాలావాటి పుట్టిల్లు వంటిల్లే. ‘హాచ్‌పాట్’ ఫ్రెంచివారు కుండను కుదిపి వండిన కూర. ‘గాలిమాఫ్రీ’ కూడా అలాంటి వంటకమే. అందంగా వినిపించే ‘పోపురీ’కి అక్షరాలా అర్థం కుళ్లిన కుండ! స్పానిష్ వంటకం పేరును ఫ్రెంచివారు మక్కీకి మక్కీ దించుకోవడంతో అలా స్థిరపడింది. ఇప్పుడు అదే పేరు గదిలో పరిమళం కోసం పెట్టే ఎండిన పూరేకులకు వచ్చింది. రాతలో ‘పాట్’ కనిపించినా అందులోని ‘ట్’ పలకకూడదు. ‘ఫరాగో’ది ఇంకా కిందిస్థాయి. లాటిన్‌లో అది పశువులకు వేసే కలగలుపు మేత. 2017లో శశి థరూర్ తనపై వచ్చిన ఆరోపణలను ఒక ట్వీట్‌లో ఈ మాటతో తిప్పికొట్టాక చాలామంది నిఘంటువుల వైపు పరుగెత్తారు. ఆయన వాడిన తీరు సరైనదే. ఫరాగో వెనక సాధారణంగా అబద్ధాలో వక్రీకరణలో ఉంటాయి. మంచి ఆలోచనల కూర్పును ఫరాగో అని పొగిడితే అది తిట్టే అవుతుంది.

ఇంట్లో చిన్నాచితకా వస్తువుల సంగతికి వస్తే తేడా మరీ సున్నితం. మూత లేని పెన్ను, ఏ తాళానిదో తెలియని చెవి, దేనిలోంచి ఊడిపడిందో అంతుచిక్కని మర ఒకే సొరుగులో ఉంటే అవి ‘ఆడ్స్ అండ్ ఎండ్స్’. విలువ లేదు, పారేయడానికి మనసూ రాదు. ఈ మాట ఎప్పుడూ బహువచనమే. అదే గదిలో అద్దాల బీరువాలో పింగాణీ బొమ్మ, నడవని పాత గడియారం, రంగురాళ్ల పెట్టె కొలువుదీరి ఉంటే అది ‘బ్రిక్‌ ఎ బ్రాక్’. దీన్ని మళ్లీ బహువచనం చేయరు. అంతకంటే చవకబారు అలంకార వస్తువులను ‘నిక్‌నాక్స్’ అంటే సరిపోతుంది.

‘మిక్స్‌డ్ బ్యాగ్’తో జాగ్రత్త. ఒక సంస్థ తన కరపత్రంలో సదుపాయాలన్నిటినీ వరుసగా చెప్పి, చివర ఈ మాట తగిలించింది. కొన్ని బాగుంటాయి, కొన్ని బాగుండవు అని తనమీద తానే ఫిర్యాదు చేసుకున్నట్టయింది. ఎంచుకోవడానికి బోలెడన్ని ఉన్నాయని ఊరించాలంటే స్వీడిష్ విందు బల్ల నుంచి వచ్చిన ‘స్మోర్గస్‌బోర్డ్’ ఉంది కదా.

ఇక జమాఖర్చుల పుస్తకాల్లో కనిపించే ‘సండ్రీ’. పాత ఇంగ్లీషులో దానికి ‘విడివిడిగా ఉన్న’ అని అర్థం. విడిగా పేరు పెట్టేంత పెద్దవి కాని పద్దులన్నీ ఇప్పుడు దాని కిందికి వస్తాయి. క్రికెట్‌లో ఎక్‌స్ట్రాలను ఆస్ట్రేలియా వాళ్లు ‘సండ్రీస్’ అంటారు. మీరు అడిగిన ‘మిసలేనియస్’ విశేషణం కాబట్టి దాన్ని నేరుగా బహువచనం చేయడం కుదరదు. పద్దుకు నామవాచకమే శీర్షికగా కావాలంటే ‘సండ్రీస్’ అని రాయండి.