ట్రాక్షన్‌తో డిస్క్ వెనక్కి వెళుతుందా?

ప్రశ్న: నా వయసు 38, బరువు 70 కిలోలు. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి బైక్ మీద వెళ్లొస్తాను. ఐదు వారాలుగా నడుం నుంచి ఎడమ పిక్క దాకా లాగుతోంది. ఎమ్మారైలో నడుం అడుగునున్న ఎల్‌5-ఎస్‌1 డిస్క్ జారిందన్నారు. పది రోజులు ట్రాక్షన్ (నడుమును బరువులతోనో మెషిన్‌తోనో లాగి ఉంచడం) పెట్టించుకుంటే లోపలికి వెళ్లిపోతుందా? ఏ వ్యాయామాలు చేయాలి?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వెళ్లదు. డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జారిందంటారు గానీ, నిజానికి లోపలి మెత్తటి గుజ్జు పైపొరను చీల్చుకుని బయటికొచ్చి నరాన్ని ఒత్తుతుంది. అలా వచ్చిన భాగాన్ని చాలామందిలో శరీరమే నెలల్లో కరిగించుకుంటుంది.

ముందు గోడ పట్టుకుని ఎడమకాలి మునివేళ్ల మీద పదిసార్లు లేచి చూడండి. కుడికాలితో లేచినంత తేలిగ్గా లేవలేకపోతే నరం బలహీనపడిందేమోనని అనుమానించాలి. ఈ వారంలోనే స్పైన్ డాక్టర్‌కు చూపించండి. మూత్రం బిగబట్టినట్టు రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, పాదం వేలాడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ట్రాక్షన్ కొందరికి కాసేపు ఉపశమనం ఇస్తుంది, అంతే. వ్యాయామానికి అదనంగా దాంతో పెద్దగా లాభం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. ఇంట్లో మంచానికి ఐదారు కిలోలు వేలాడదీసుకోవడం మరీ దండగ. మామూలు పరుపు మీద నడుం కింది భాగం రాపిడిని దాటడానికే శరీర బరువులో దాదాపు పావు వంతు, అంటే మీకు 17, 18 కిలోలు కావాలి. ఆ ఐదారు కిలోలు మిమ్మల్ని మంచానికి కట్టేయడం తప్ప చేసేదేమీ ఉండదు. ఫిజియోథెరపీ మెషిన్ మీద 10-15 నిమిషాలు ప్రయత్నించవచ్చు. అయిపోగానే దిగ్గున లేవకుండా కాసేపు అలాగే పడుకోండి. కాలి నొప్పి పెరిగితే ఆపేయమని చెప్పండి. ఎముకలు గుల్లబారినవాళ్లకు, గర్భిణులకు ట్రాక్షన్ వద్దు.

అసలు పని వ్యాయామానిది. బోర్లా రెండు నిమిషాలు పడుకోండి. తర్వాత మోచేతుల మీద లేచి మరో రెండు నిమిషాలు ఉండండి. అది హాయిగా ఉంటే అరచేతులు ఆనించి ఛాతీని పైకి లేపండి. పొత్తికడుపు నేలకు వదులుగా ఆని ఉండాలి, పిరుదులు బిగించొద్దు. పదిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. పిక్కలోని నొప్పి తొడకో పిరుదుకో ఎగబాకితే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, దారి సరైనదే. కిందికి పాదంలోకి దిగితే ఈ వ్యాయామం మీకు సరిపడదు, ఫిజియోథెరపిస్టును అడిగి మార్చుకోండి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: నడుం నొప్పి పెరిగిందని మానేస్తారు, కాలు లాగుతున్నా ఓర్చుకుని చేస్తారు.

లాగుడు తగ్గాక మోకాళ్లు, చేతుల మీద ఉండి ఒక చెయ్యీ, దానికి రెండోవైపు కాలూ చాచి పది సెకన్లు నిలపండి. వైపుకు ఐదుసార్లు చాలు. నడక మొదటి నుంచీ మంచిదే, పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు. వంగి కాలివేళ్లు ముట్టుకోవడం, సిటప్స్ ఇప్పుడు వద్దు. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్క్ ఉబ్బి ఉంటుంది కాబట్టి, లేచిన గంటలోపు అసలు వంగొద్దు.

రెండు మూడు వారాలు బైక్ పక్కన పెట్టి మెట్రో, బస్సు చూసుకోండి. స్పీడ్ బ్రేకర్ల కుదుపుతో పాటు, ట్రాఫిక్‌లో గంటసేపు నడుం వంచి కూర్చోవడం కూడా మీకు చేటే.