శనివారం సెలవు అడిగిన కూతురు

ప్రశ్న: మాది కడప. నా వయసు 36. మా ఆయన ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లులో లెక్కలు రాస్తారు. ఉదయం ఏడు గంటల బస్సుకు వెళితే రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరతారు. పాప ఆరవ తరగతి, బాబు ఒకటవ తరగతి. మోకాళ్ళ నొప్పులతో అత్తమ్మ మా దగ్గరే ఉంటారు. సంఘంలో సండే స్కూలు చెబుతాను, గాయక బృందంలో పాడతాను, స్త్రీల మైత్రికి కార్యదర్శిని. బుధవారం ఇళ్ళలో జరిగే ప్రార్థనలకు వెళతాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిశాక అందరికీ వండే వారిలో ఉంటాను. శనివారం సాయంత్రం గుడి ఊడ్చి, తుడిచి, చాపలు పరిచేది కూడా నేనే. కొళాయి నీళ్ళ కోసం నాలుగున్నరకు లేస్తాను, పడుకునేసరికి పదకొండున్నర దాటుతుంది. ఈ మధ్య మెట్లు ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. మొన్న శనివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో పాప, "ప్రభువా, మా యమ్మకు శనివారం సెలవు ఇయ్యి" అని ప్రార్థన చేసింది. మరునాడు గుడికి ఆలస్యమవుతోందని, బూట్లు వేసుకోకుండా ఆడుకుంటున్న బాబును కొట్టాను. అరగంట తరువాత అదే చేత్తో బొమ్మ పట్టుకుని, యేసు ప్రభువు చిన్నపిల్లలను దగ్గరకు తీసుకున్న కథ చెప్పాను. వాడు ముందు వరుసలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. సేవ తగ్గించుకుంటే పాపమా? మా ఆయనకు చెబితే, "ఒప్పుకోమని ఎవరు జెప్పినారు నీకు?" అంటారు. పాస్టరమ్మగారికి ఎలా చెప్పాలి?

జవాబు: సోదరీ, మీ ఉత్తరం చదువుతూ నేను ఎక్కువసేపు ఆగింది ఆ ముందు వరుస దగ్గరే. అందుకే మీరు అడిగిన వాటికన్నా ముందు, మీరు అడగని ఒక మాట చెబుతాను. బాబును ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నాన్నా, ఆ రోజు బూట్ల కోసం నిన్ను కొట్టడం అమ్మ చేసిన తప్పు" అని చెప్పండి. దాని వెనుక "నువ్వు కూడా ఆలస్యం చేశావు కదా" అని చేర్చకండి. పెద్దవారు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం మన ఇళ్ళలో అలవాటు లేని పని కాబట్టి మొదట నోరు రాదు. అయినా ఆరేళ్ళ పిల్లవాడికి మీరు ఆ ఆదివారం చెప్పిన కథ నిజమని తెలిసేది ఈ ఒక్క మాటతోనే.

రెండవది మీ ఒంటి సంగతి. నాలుగున్నర నుంచి పదకొండున్నర వరకు నిలబడే మనిషికి నిద్ర ఐదు గంటలు మించడం లేదు. పైగా శుక్రవారం ఖాళీ కడుపుతోనే పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. కళ్ళు తిరగడాన్ని అలసట అనుకుని వదిలేయకండి. ఈ వారంలోనే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రక్తపోటు చూపించుకోండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగానికి పైగా ఆ కోవలోనే ఉన్నారు. రక్తం తక్కువైన మనిషికి ఓపిక తక్కువగా ఉంటుంది, చీటికిమాటికి విసుగు వస్తుంది. ఆ విసుగును మీరు భక్తి తగ్గడంగా భావించి, ఇంకొక ఉపవాసం పెట్టుకుని సరిచేయాలని చూస్తున్నారేమోనని నా భయం. ఫలితాలు వచ్చి వైద్యులు సరేననే వరకు ఉపవాసం ఆపండి. ఏలీయా ప్రవక్త అలసిపోయి, ఇక ప్రాణం తీసుకొమ్మని దేవుని వేడుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు అతనికి ముందు పంపింది ఆహారమూ నీళ్ళూ అని, తిని మళ్ళీ పడుకున్నాక రెండవసారి కూడా లేపి తినిపించాడని మీరే పిల్లలకు చెప్పి ఉంటారు. ప్రయాణం మాట ఆ తరువాతనే వచ్చింది.

ఇక పాపమా అన్న ప్రశ్న. కాదు. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదని తెలియడానికి బైబిలు నుంచే చెబుతాను. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒక్కడే కూర్చుని ప్రజలందరి తగవులు తీరుస్తున్న మోషేను చూసి, ఆయన మామ యిత్రో, ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అని తప్పుపట్టి, వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి వేరువేరుగా పెద్దలను ఏర్పాటు చేయమన్నాడు. మోషే చేస్తున్నది దేవుని పనే అయినా, ఒక్కడే మోయడం తప్పన్నాడు. తొలి సంఘంలో విధవరాండ్రకు రోజూ ఆహారం పంచే దగ్గర సణుగు పుట్టినప్పుడు కూడా, యేసు శిష్యులైన అపొస్తలులు ఆ పనిని తమ నెత్తినే వేసుకోకుండా ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఇక మన సంఘాల్లో స్త్రీలకు తరచుగా చూపించే ఆ గుణవతియైన భార్య, సామెతల చివరి అధ్యాయంలోని ఆమె, తెల్లవారక ముందే లేస్తుందని ప్రసంగాలలో చెబుతారు. అదే వచనంలో ఆమెకు పనికత్తెలు ఉన్నారని, వారికి కూడా ఆమె బత్తెం ఏర్పాటు చేస్తుందని ఉంది. ఆ సగం వాక్యాన్ని గట్టిగా చదవగా నేను ఎక్కువసార్లు వినలేదు.

మన జిల్లా చరిత్రలోనూ ఒక సంగతి ఉంది. లండన్ మిషను వారు కడపకు వచ్చింది 1822లో. మిషన్లు నడిచిన కాలంలో ఇంటింటికీ వెళ్ళి స్త్రీలకు చదవడం నేర్పి, ప్రార్థన చేసి, రోగులను పలకరించి వచ్చే బైబిలు స్త్రీలు ఉండేవారు. కొద్దిపాటిదైనా వారికి జీతం ఉండేది. అది ఒక మనిషి రోజంతా చేయదగిన పని అని ఆనాడే గుర్తించారు. ఆ పనిలో పెద్ద భాగాన్నీ, దానితో పాటు ఊడ్పునూ వంటనూ ఇప్పుడు మీవంటి గృహిణులు ఇంటి పని ముగించుకుని వచ్చి చేస్తున్నారు. మీకు అలసట రావడంలో వింత లేదు.

మీ వారాన్ని కాగితం మీద వేసి చూశాను. ఆదివారం 4 గంటలు, బుధవారం 2, గురువారం పాటల సాధన గంటన్నర, శుక్రవారం 5, శనివారం 3 అనుకుంటే దాదాపు 16 గంటలు. స్త్రీల మైత్రి రిజిస్టర్లు, ఫోన్లు ఇందులో చేరలేదు. వీటిలో ఏది ఉంచుకోవాలో నేను చెప్పనవసరం లేదు, మీ ఉత్తరమే చెబుతోంది. మిగిలిన పనులకు తలా ఒక మాట రాసిన మీరు, సండే స్కూలు దగ్గరకు వచ్చేసరికి చేతిలోని బొమ్మను, కథను, ఎవరు ఏ వరుసలో కూర్చున్నదీ రాశారు. దానిని ఉంచుకోండి. వారానికి రెండు మూడు గంటలు మనసు పెట్టి చేసే ఆ ఒక్క పని చాలు. పాటల సాధనను ఆరు నెలలు ఆపినా గొంతు ఎక్కడికీ పోదు. కార్యదర్శి పదవిని మధ్యలో వదిలేస్తే మాట వస్తుంది కాబట్టి ఈ ఏడాది సర్వసభ్య సమావేశం వరకు కొనసాగించి, పక్కన ఒక యువతిని కూర్చోబెట్టుకుని రిజిస్టరు రాయడం నేర్పించి, అక్కడ అప్పగించండి. శుక్రవారం వంటకు నెలకు ఒకసారి వెళ్ళండి. బుధవారం మీ వీధిలో ప్రార్థన ఉన్నప్పుడు మాత్రమే కూర్చోండి.

శనివారం గుడి శుభ్రం చేయడం మాత్రం పూర్తిగా మీ చేతుల్లోంచి వెళ్ళిపోవాలి, ఎందుకంటే అది సంఘమంతటి పని. సంఘంలో 60 కుటుంబాలు ఉన్నాయనుకోండి, వారానికి రెండు కుటుంబాలు వచ్చినా ఒక్కొక్కరి వంతు ఏడు నెలలకు ఒకసారి వస్తుంది. కుటుంబం అంటే ఆడవారు మాత్రమే కాదని ఆ వంతుల పట్టికలో ముందే రాయించండి. చాపలు పరచడానికి, ఫ్యాన్లు తుడవడానికి మగవారి చేతులు చక్కగా పనికివస్తాయి.

పాస్టరమ్మగారికి ఆదివారం ఆరాధన అయ్యాక, పదిమంది చుట్టూ ఉండగా చెప్పకండి. పని దినాన మధ్యాహ్నం వారి ఇంటికి వెళ్ళండి. ఆమె కూడా మీలాగే జీతం లేని చాకిరీలో ఉండవచ్చు. అయ్యగారికి సంఘం ఇచ్చే జీతంలో ఇద్దరి పనీ కలిపి లెక్కవేసుకునే చోట్లు చాలా ఉన్నాయి. అందుకే ఫిర్యాదుగా కాక, పరీక్షల కాగితం చేతిలో పట్టుకుని, "అమ్మగారూ, నాకు ఆరోగ్యం బాగాలేదు, పిల్లలు నన్ను కోల్పోతున్నారు. సండే స్కూలు నేను చూసుకుంటాను. మిగిలినవి ఎవరికి అప్పగించాలో మీరూ నేనూ కూర్చుని ఇప్పుడే రాసుకుందాం" అనండి. "చూస్తానమ్మా", "ప్రయత్నిస్తానమ్మా" అన్న మాటలు ఆ రోజు మీ నోటి నుంచి రాకూడదు, ఎందుకంటే మన దగ్గర ఆ మాటలను ఒప్పుకోలుగానే తీసుకుంటారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలలో ఆ 40 రోజులు, మే నెల ఎండల్లో పిల్లల బైబిలు తరగతులు జరిగే రోజులు, క్రిస్మస్ వారం మీరు ఎక్కువగా వస్తానని చెప్పవచ్చు. అయితే అలాంటి కాలం ముగిసిన వెంటనే రెండు వారాలు ఏ పనీ పెట్టుకోనని కూడా అప్పుడే చెప్పండి. "ఫలానా ఆమె చల్లారిపోయింది" అని ఎవరో ఒకరు అంటారు. అనే వారికి ఆ వారం చీపురు ఖాళీగానే ఉందని నవ్వుతూ చెప్పి ఊరుకోండి.

మీ వారి మాట గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. "ఎవరు ఒప్పుకోమన్నారు" అనడంలో కొంత నిజం ఉంది, ఎవరు అడిగినా మీరు తల ఊపుతున్నారు. కానీ ఆ మాటతో ఇంటి సంగతి తేలిపోదు. 2019లో దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నట్టు తేలింది. మీ ఇంటిలో ఆ తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది. పన్నెండు గంటలకు పైగా బయట ఉండే మనిషిని వారం మధ్యలో వంటగదిలోకి రమ్మనడం న్యాయం కాదు, నేను అలా అనడం లేదు. ఆదివారం ఉదయాన్ని పూర్తిగా ఆయనకు అప్పగించండి. "కాస్త సాయం చేయండి" అంటే ప్రతిదీ మీరే చెప్పాలి, చెప్పడం కూడా ఒక పనే. కాబట్టి పిల్లలను లేపడం, స్నానాలు, బట్టలు, బూట్లు, టిఫిను, అత్తమ్మకు మాత్రలు, అన్నీ ఆయనవి. బూట్లు, సాక్సులు శనివారం రాత్రే గడప పక్కన పెట్టించండి. టిఫినుకు ఉగ్గాని చాలు: బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తిరగమోతలో వేసి, పైన పప్పుల పొడి చల్లితే ఇరవై నిమిషాల పని. మొదటి రెండు వారాలు బొరుగులు మెత్తగా ముద్దవుతాయి. మీరు లోపలికి వెళ్ళి గరిటె అందుకోకండి, ఆ గరిటె అందుకున్న రోజునే పని మళ్ళీ మీదవుతుంది. అత్తమ్మగారికి కూర్చుని చేసే పని కావాలి: చెనిక్కాయలు ఒలవడం, సాయంత్రం బాబు చేత తెలుగు వాచకం చదివించడం. పనికిరాని దానిననే దిగులు మోకాళ్ళ నొప్పి కన్నా ఎక్కువ బాధిస్తుంది.

ఇవన్నీ చేసినా రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా, బతకడం మీదే విరక్తి కలిగినా, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు. ప్రార్థన చేయించుకోవడానికి ఇది అడ్డం రాదు, రెండూ చేయండి.

మీ పాప ప్రార్థనకు ఇంట్లో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పినట్టు లేదు. పదకొండేళ్ళ పిల్ల మీతో చెప్పలేక దేవునితో చెప్పుకుంది, మీరు పక్కనే ఉండగా. పాస్టరమ్మగారితో మాట్లాడి వచ్చిన రోజునే కేలండరు దగ్గరకు పాపను పిలిచి, గుడి పని వేరే కుటుంబానికి వెళ్ళే మొదటి శనివారం చుట్టూ తన పెన్నుతోనే గీత గీయించండి. ఆ సాయంత్రం ఏం చేయాలో తననే చెప్పనివ్వండి. జడ వేయించుకుని ఊరికే మీ పక్కన కూర్చుంటానన్నా సరే, ఫోన్ లోపలి గదిలో పెట్టి, దువ్వెన తీసుకుని కూర్చోండి.