మీ ప్రశ్న – మా జవాబు: బైలకుప్పె నీళ్ల గిన్నెలు

ప్రశ్న: కూర్గ్ వెళ్తూ బైలకుప్పె స్వర్ణదేవాలయం చూశాం. కట్టుబట్టలతో వచ్చిన టిబెటన్లు అంత పెద్ద ఆరామాలు ఎందుకు కట్టుకున్నారు? పూజ దగ్గర వరసగా నీళ్ల గిన్నెలు ఎందుకు పెడతారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు గిన్నెల సంగతి. 1959లో దలైలామా వెంట, ఆ తర్వాత హిమాలయాలు దాటి వచ్చినవాళ్లలో కొందరికి మరుసటి ఏడాది మైసూరు ప్రభుత్వం బైలకుప్పెలో అడవి భూమి ఇచ్చింది. గుడారాల్లో ఉంటూ చెట్లు కొట్టి పొలం చేసుకున్నారు. ఏమీ లేనివాళ్లు కూడా మనసు పీకకుండా ఇవ్వగలిగింది నీళ్లే.

ఏడు గిన్నెలు పొడిబట్టతో తుడుస్తారు. ఖాళీ గిన్నె దేవుడి ముందు పెట్టకూడదు కాబట్టి, ఒక్కోదాంట్లో కాస్త నీళ్లు పోశాకే వరసలో పెడతారు. గిన్నెకూ గిన్నెకూ మధ్య బార్లీ గింజంత సందు ఉండాలి. తర్వాత మన ఎడమ నుంచి కుడికి, అంచుకు గింజంత కిందవరకు నింపుతారు. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే: చెంబు ఒక్కసారిగా వంచితే నీళ్లు పొర్లుతాయి. ధార సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్లీ సన్నబడాలి. సాయంత్రం కుడి నుంచి ఎడమకు తీసి, నీళ్లు మొక్కలకు పోసి, గిన్నెలు తుడిచి బోర్లిస్తారు.

ఇక ఆరామాలు. వీళ్ల సంప్రదాయంలో గ్రంథం చేతిలో ఉంటే చాలదు, గురువు చదువుతుండగా చెవితో వినాలి. విన్నవాళ్లు లేకుండా గురువు పోతే ఆ పాఠం అక్కడితో ఆగినట్టే. బెంగాల్‌లోని బక్సా కోటలో, బ్రిటిషువాళ్ల పాత జైలులో ఉంచిన భిక్షువులు ఎందరో క్షయతో పోయారు. అయినా మిగిలినవాళ్లు అక్కడ చదువు ఆపలేదు. గురువులు ఇలా పోతుండబట్టే ఆరామాలు కట్టడానికి అంత తొందర. మీరు చూసిన స్వర్ణదేవాలయం ఉన్న నామ్‌డ్రోలింగ్ ఆరామం 1963లో మొదలైంది. ఆ దేవాలయం చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. లాసా దగ్గరి సెరా ఆరామాన్నీ బైలకుప్పెలోనే మళ్లీ నిలబెట్టారు.

ఇంకోటి, చావు. మనిషి పోయాక 49 రోజులు, ప్రతి ఏడో రోజూ ప్రార్థనలు జరగాలి. టిబెట్‌లో తల్లి పోయిందని కబురొస్తే కొడుకు వెళ్లలేడు. ఆరామానికెళ్లి పేరు చెప్పి, దీపాలకు డబ్బు కడతాడు. ఈ ఒక్క పనికైనా ఊళ్లో భిక్షువులు ఉండి తీరాలని మా నమ్మకం.

మీ తెనాలికి దగ్గర్లోని అమరావతి కూడా వాళ్లకు పుణ్యక్షేత్రమే. బుద్ధుడు కాలచక్రం అనే తంత్ర బోధ చేసింది ధాన్యకటకంలో, అంటే పాత అమరావతిలోనని వాళ్ల విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా అక్కడే కాలచక్ర దీక్ష ఇచ్చారు.