ఇరుకు కొండదారిలో ఎవరైనా ఎదురైతే ఎవరు ఆగాలి?

కరోనా లాంటి రోజుల్లో ట్రెక్కింగ్‌కు వెళ్తే ఎవరు పక్కకు తప్పుకోవాలి, మాస్క్ దారంతా ఉంచుకోవాలా అని అడిగారు. మామూలుగా అయితే ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారి ఇస్తారు. ఎక్కేవాళ్లు మధ్యలో ఆగితే మళ్లీ అడుగు పడటం కష్టం. నేను ఈ పద్ధతినే నమ్ముకుని ఒకసారి తప్పు చేశాను.

2020 చివర్లో చెల్లితో కలిసి కొండ దిగుతున్నాను. మలుపు తిరగగానే ఒక పెద్దాయన, ఆయన భార్య ఎదురయ్యారు. దారి ఇవ్వాలి కదా అని అక్కడే బండకు ఆనుకుని నిలబడ్డాను. కానీ అక్కడ బాట రెండడుగులే. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా వాళ్లు రొప్పుతూ వెళ్లాల్సి వచ్చింది. ఆవిడ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని దాటారు. అసలే ఆయాసపడుతున్న మనిషి నా వల్ల ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. పది అడుగులు వెనక్కి వేస్తే వెడల్పైన చోటు ఉంది, అప్పుడే దాటి వచ్చాను కూడా.

అందుకే నా మాట ఇది: ఎక్కుతున్నారా, దిగుతున్నారా అన్నది తర్వాత. ఆగడానికి చోటు ఎవరి దగ్గరుంటే వాళ్లే ముందుగా ఆగాలి. మలుపుల దగ్గర మాటలు వినిపిస్తాయేమో చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఒక మీటరు దూరం ఉండాలంది, కొన్ని దేశాలు ఆరడుగులన్నాయి. రొప్పుతూ వచ్చేవాళ్లకు నేనైతే అంతకంటే ఎక్కువే వదులుతాను. తప్పుకునేటప్పుడు మొక్కల మీద కాకుండా రాయి మీదో, గట్టి నేల మీదో నిలబడండి. అందరూ గడ్డి తొక్కుతూ పోతే బాట వెడల్పై, వానకు మట్టి కొట్టుకుపోతుంది. లోయ అంచు వైపు మాత్రం వద్దు.

మాస్క్ దారంతా అక్కర్లేదు. బాగా శ్రమపడేటప్పుడు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, చెమటకు తడిస్తే ఊపిరి ఆడదు. మెడకు వేలాడదీసుకుని, మనుషులు కనబడగానే పైకి లాక్కోండి. పొడిది ఇంకొకటి సంచిలో ఉంచుకోండి. వాడినది దారిలో పడేయకండి, ఆ తాళ్లలో పక్షుల కాళ్లు చిక్కుకుంటాయి.

నిజానికి ఆరుబయట రెండు సెకన్లు పక్కనుంచి వెళ్లడం కంటే, శిఖరం మీద ఫొటోల కోసం గుంపుగా నిలబడటమే ఎక్కువ ప్రమాదం. పార్కింగ్ నిండిపోయి కనబడితే నేను వెనక్కి వచ్చేస్తాను, బాధగా ఉన్నా సరే.

వెనకనుంచి ఎవరినైనా దాటాలంటే దూరం నుంచే పిలిచి చెప్పండి. వాళ్లు చోటు చూసుకుని ఆగేదాకా వెనకే నడవండి, ఎంతసేపైనా.