ఫ్లాట్ అమ్మడానికి స్టేజింగ్ చేయించాలా? వైజాగ్‌లో అయితే ముందు ప్లంబర్‌ని పిలవండి

సీతమ్మధారలో మీ పాత 2 బీహెచ్‌కే అమ్మకానికి పెట్టారు, ఎవరో ఇంటీరియర్ వాళ్ళు సోఫాలు కర్టెన్లు అద్దెకి తెచ్చి నెల రోజులు ఇల్లు ముస్తాబు చేసి పెడతాం అంటున్నారు, చేయించాలా అని కదా అడిగారు. వద్దండి. ఆ డబ్బులు ప్లంబర్‌కీ, గ్రిల్స్‌కి రంగేసేవాడికీ ఇవ్వండి. ఎంవీపీ కాలనీలో మా అమ్మావాళ్ళ ఫ్లాట్ దగ్గరుండి అమ్మాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

నాన్న పోయాక అమ్మ మధురవాడలో మా ఇంటికి వచ్చేసింది, అక్కడ తాళం వేసి ఉంచడం ఎందుకని అమ్మేద్దామనుకున్నాం. ఇంక డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య వీడియోలు పంపడం మొదలెట్టాడు. అక్కడ ఇల్లు చూపించే ముందు ఫ్యామిలీ ఫోటోలన్నీ తీసేస్తారంట, బిస్కెట్లు కాల్చి ఆ వాసన ఇల్లంతా పట్టేలా చేస్తారంట, కిచెన్ గట్టు మీద గిన్నె నిండా నిమ్మకాయలు పెడతారంట. ఒరే అన్నయ్యా, ఖాళీ ఇంట్లో నిమ్మకాయలు కనిపిస్తే ఇక్కడ ఎవరో ఏదో చేయించారనుకుని గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి పోతార్రా అన్నాను.

మా మరిది ఇంకో రకం. బ్రోకర్లతో తిరుగుతాడు కదా, అన్నీ తెలుసంటాడు. పక్క ఫ్లాట్ వాళ్ళు కారిడార్‌లో నెత్తళ్ళు, అదే ఎండు చేపలు, ఆరబెట్టారని, ఇల్లు చూడ్డానికి మనిషి వచ్చే పావుగంట ముందు రూమ్ ఫ్రెషనర్ డబ్బా మొత్తం కొట్టేశాడు. ఆ రోజు వచ్చింది శ్రీకాకుళం వైపు నుంచి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే వాళ్ళబ్బాయి. ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ముక్కు ఎగబీల్చి "ఏటమ్మా ఇంత సెంటు కొట్టీసినారు, ఏటి దాస్తన్నారు?" అంది. మరిది ముఖం చూడాలి మీరు! నేను తలుపులు, కిటికీలు అన్నీ తీసేసి, పక్కవాళ్ళ నెత్తళ్ళండీ అని ఉన్నమాట చెప్పాను. ఆవిడ నవ్వేసి "నెత్తళ్ళయితే మాకేటి, మేవూ తింటాం" అని లోపలికి నడిచింది.

పెద్దాయన హాలు వైపు చూడనే లేదు. సరాసరి బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, ఫ్లష్ నొక్కి, టైల్స్ మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ బయటికొచ్చి, ఆ బాత్రూమ్‌కి అవతలున్న బెడ్రూమ్ గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అక్కడే ఉంది మా మచ్చ. నహానీ ట్రాప్, అంటే బాత్రూమ్ నేల మీద నీళ్ళు పోయే జాలీ కింది గొట్టం, లీకై గోడకి చెమ్మ పట్టి పెచ్చులూడిపోయింది, ట్రాప్ మార్పించి, పాత ప్లాస్టరు కొట్టించి కొత్తది పూయించాం కానీ ఆరేదాకా పెయింట్ వెయ్యొద్దని నేనే ఆపాను. దాని మీద పెద్ద క్యాలెండర్ వేలాడదీద్దాం వదినా అని మరిది ముందురోజంతా నస పెట్టాడు, ఒప్పుకోలేదు. తడి గోడకి పుట్టీ పెట్టి రంగేస్తే వైజాగ్ గాలికి మళ్ళీ బుడగలొచ్చి ఊడిపోతుంది, అది కొనేవాడికీ తెలుసు, పైగా కొత్త రంగు ఒక్క గోడకే ఉంటే ఎవడికైనా అనుమానం వస్తుంది. ప్లంబర్ బిల్లు తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తేదీ చదివి "రంగెయ్యకుండా ఉంచినారు, మంచి పని సేసినారు" అన్నాడు.

ఈలోగా ఆవిడ వంటింట్లో గ్రైండర్ ఎక్కడ పెడతారు, వడియాలకి ఎండ ఎటునుంచి వస్తది, గేస్ బండ లోపలా బయటా, ఇవన్నీ చూసేసి, ఈశాన్యం ఎటో లెక్కేసుకుని దేవుడి గూట్లోకి తొంగి చూసింది. అబ్బాయి బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నాడు. డబ్బు ఆ అబ్బాయిదే, నిర్ణయం మాత్రం వంటింట్లో జరిగిపోయింది. అద్దె సోఫా పెట్టి ఉంటే దాని మీద కూర్చునేది కూడా ఆ ఫోన్ అబ్బాయొక్కడే.

తర్వాత పెద్దాయన కిందకి ఒక్కడే వెళ్ళి వాచ్‌మన్‌తో బీడీ కాలుస్తూ మాట్లాడాడంట, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా, హుద్‌హుద్ అప్పుడు ఏం పోయింది, వీళ్ళు ఎందుకు అమ్ముతున్నారు అని. 2014 తుఫాను గురించి ఇప్పటికీ అడుగుతారండి, కిటికీ అద్దాలు మార్చిన సంగతి మేం చెప్పేశాం, వాచ్‌మనూ అదే చెప్పాడు. కాబట్టి అసోసియేషన్ బకాయిలు కట్టేసి, వాచ్‌మన్‌తో మంచిగా ఉండండి.

సామాను సంగతి. ఇల్లు మొత్తం ఖాళీ చెయ్యకండి, మంచం వేస్తే ఇంకెంత చోటు మిగుల్తుందో తెలియాలి కదా. బీరువాలు, అటక మీద పాత పేపర్లు మాత్రం పంపించెయ్యండి. బీచ్ వైపు గాలికి తుప్పు పట్టిన గ్రిల్స్ గీకించి రెడ్ ఆక్సైడ్ కొట్టించి రంగెయ్యండి, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ స్టాండ్ కూడా. బాల్కనీ తూర్పు ముఖం అయితే పొద్దున్నే రమ్మనండి. ఆషాఢంలో అసలు ఎవరూ రారు, ఆ నెల రిపేర్లకి వాడుకోండి. నాన్న ఫోటో మేం ముందే అమ్మతో తెచ్చేసుకున్నాం, జనం ఏమనుకుంటారో అని కాదు, అమ్మ వదల్లేదు.

ఫోటోలంటే గుర్తొచ్చింది, ఈ బ్రోకర్ల సీ వ్యూ గోల ఏంటో! బాత్రూమ్ వెంటిలేటర్‌లోంచి మెడ బయటపెడితే కనిపించే సముద్రానికి కూడా సీ వ్యూ అని రేటు. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటించినప్పట్నుంచి పాతికేళ్ళ నాటి ఫ్లాట్ ఓనర్లు కూడా ఆకాశంలోనే ఉన్నారు. కొనేవాళ్ళేమీ తక్కువ కాదు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం అవుతుందని ధరలో సగమే కాగితం మీద చూపించి మిగతా సగం నగదుగా చేతికిస్తాం అంటారు, ఒప్పుకోకండి. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళు మీకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను, పట్టుకుని కట్టాలి, అది మొదట్లోనే చెప్పెయ్యకపోతే చివర్లో డబ్బు తక్కువొచ్చిందని మీరే గొడవపడతారు.

సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఫ్లాట్ మీద తాకట్టులేమైనా ఉన్నాయా అని చూపే కాగితం), ఇంటి పన్ను రసీదు ఒక ఫైల్లో పెట్టి టేబుల్ మీద ఉంచండి, మీ అద్దె కుషన్ల కంటే దాన్నే ఎక్కువసేపు చూస్తారు. ఫ్యాన్లు, గీజర్లు, చిమ్నీ ధరలో కలిపేనా కాదా అన్నది కూడా అడ్వాన్స్ తీసుకునే ముందే రాసుకోండి. ధర మీద గంటలో తేలిపోయిన ఆ శ్రీకాకుళం ఆవిడ, బాల్కనీలో బట్టలారేసుకునే కప్పీ దండెం వదిలేస్తే గానీ అడ్వాన్స్ ఇవ్వనంది. మా అమ్మేమో అది నాన్న బిగించింది ఇవ్వనంది. ఆఖరికి ఆవిడకి అలాంటిదే కొత్తది కొని బిగించి ఇచ్చాం.