క్లైమేట్ సెన్సార్ల పనా, ఏఐ కోర్సా?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక నాన్నగారు అడిగారు. పాప ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) థర్డ్ ఇయర్ అంట, వాతావరణం కొలిచే స్టేషన్లు, వాటి డేటా సిస్టమ్స్ డిజైన్ చేసే లైన్లోకి పోతానంటోందంట, దానికంటే క్లైమేట్ ఏఐ కోర్సు బెటర్ కదా అని.

సార్, ఈ ప్రశ్న కోర్సు పేరు మారి నాకు వస్తూనే ఉంటుంది, లోపలి భయం మాత్రం ఒకటే, పిల్ల ఖాళీగా కూర్చుంటే చుట్టాలకి ఏం చెప్పాలి అని. కూర్చోదండి. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్పుల ప్రోగ్రామింగ్), టెలిమెట్రీ (దూరంలోని పరికరం నుంచి రీడింగులు తెప్పించుకోవడం), డేటాబేస్ చేతికొచ్చిన పిల్లకి బెంగళూరులో పని దొరక్కపోవడం ఏంటి, రేపు ఈ లైన్ నచ్చకపోయినా వెనక్కి రావచ్చు.

ఆ ఏఐ కోర్సు మీదే నాకు డౌటు. ఎవరో క్లీన్ చేసిచ్చిన డేటా మీద మోడల్ రన్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, అంతే చాలావాటిలో. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్ ఆటోమేటిక్ స్టేషన్ 52.9 డిగ్రీలు చూపిస్తే దేశమంతా గోల, తీరా వాతావరణ శాఖ (ఐఎండీ) చెక్ చేస్తే సెన్సార్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. వాన కొలిచే టిప్పింగ్ బకెట్ ఉంటుంది, చిన్న తొట్టె నిండి ఒరిగినప్పుడల్లా ఒక పల్స్ పంపుతుంది, పైన గరాటులో ఆకులు అడ్డుపడ్డాయనుకోండి, కుండపోతలో కూడా సున్నానే వస్తుంది. ఆ సున్నా నిజమా కాదా అని పక్క స్టేషన్లతో పోల్చి పట్టుకునే సిస్టమ్ కట్టాలి, సెన్సార్ ఎప్పుడు మార్చారు, పక్కన గోడ ఎప్పుడు లేచింది అన్నీ రికార్డులో ఉండాలి, లేకపోతే 30 ఏళ్ల తర్వాత కనబడే పెరుగుదల వాతావరణానిదో గోడదో ఎవడికి తెలుస్తుంది? మీ పాప చేస్తానంటున్నది ఈ పని.

జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే, రీసెర్చ్ సంస్థల్లో ప్రాజెక్ట్ పోస్టులు చాలావరకు కాంట్రాక్టే, దాచను. కానీ మీ ఊళ్లోనే ఉన్న కర్ణాటక ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం కేఎస్‌ఎన్‌డీఎంసీ గ్రామ పంచాయతీల దాకా టెలిమెట్రిక్ రెయిన్‌గేజ్‌లు పెట్టింది, ఐఐఎస్‌సీలో వాతావరణ, సముద్ర శాస్త్రాలకి సెంటర్ ఉంది, చెన్నై పళ్లికరణైలో సముద్ర టెక్నాలజీ సంస్థ ఎన్‌ఐఓటీ సముద్రంలో లంగరేసిన, తేలుతూ కొలతలు పంపే బోయ్‌లు నడుపుతుంది, సముద్రంలో మునుగుతూ తేలుతూ నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే ఆర్గో ఫ్లోట్ల డేటా హైదరాబాద్ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చూస్తుంది.

ఇక "టవర్లెక్కే పని, ఆడపిల్ల ఎలా" అని రాశారు చూడండి, అక్కడ నాకు కోపమొచ్చింది. పిల్ల భయపడట్లేదు, భయం మీది. ఈ సెలవుల్లో ఒక చిన్న స్టేషన్ కట్టుకోనివ్వండి. టెర్రస్ దానికి సరైన చోటు కాదు, ఎందుకు కాదో పాపనే అడగండి, చెప్తుంది. కింద పార్కులో పెట్టాలంటే అసోసియేషన్ వాళ్లతో మాట్లాడే పని మాత్రం మీదే.